అట్ట లేని నవల, పేరు తెలియని మనిషి

నేను రాసిన డిటెక్టివ్ నవలలు ఇరవై రెండు. వాటిలో ఒక్క హంతకుడూ తప్పించుకోలేదు. నిజ జీవితంలో మాత్రం ఒకే ఒక్క మనిషి జాడ తీయవలసి వచ్చింది. అదీ మొదటిసారి తప్పుగా తీశాను. విలేకరి ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. నవలల గురించి అడిగితే నాలుగు మాటల్లో తేల్చేసి ఈ సంగతి చెబుతాను. ఇందులో నా తెలివి కన్నా నా తొందర ఎక్కువ కనిపిస్తుంది. అందుకే చెప్పడం.

పుస్తకాల పిచ్చి నాకు హైస్కూల్లో పట్టుకుంది. గుంటూరులో ఒక అద్దె పుస్తకాల షాపు ముందు నిలబడి, షాపాయన చూడడం లేదనుకుంటూ ఒక నవల మూడు రోజుల పాటు ముక్కలు ముక్కలుగా చదివాను. నాలుగో రోజు ఆయనే స్టూలు వేసి కూర్చోమన్నాడు. ఆ స్టూలు మీద కూర్చున్నవాణ్ణి మళ్లీ లేవలేదనే చెప్పాలి. పేపర్లో ప్రూఫులు దిద్దేవాడిగా చేరి, సబ్ ఎడిటరునై, తర్వాత రిపోర్టింగులోకి వచ్చాను. సెలవు రోజుల్లో నవలలు రాసేవాణ్ణి. వారపత్రికలు వాటిని సీరియల్‌గా వేసేవి. ఆ వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. దాంతో నా డిటెక్టివ్ కూడా పని లేక ఇంట్లో కూర్చున్నాడు. ఇంట్లో నాలుగు బీరువాలు, మంచం కింద అట్టపెట్టెలు నిండా పుస్తకాలే. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ దేవుడి పటాలు పెట్టుకోవడానికి కాస్త చోటు అడిగితే, వంటింట్లో చూసుకోమన్న మనిషిని నేను.

ఉద్యోగంలో చివరి మూడేళ్లు ఒంగోలులో పనిచేశాను. జిల్లా పేజీల బాధ్యత నాది. అప్పటికి కొత్త జిల్లాలు వచ్చేశాయి. మా పేపర్లో ఎవరి జిల్లా పేజీ వాళ్లది. ఒంగోలు పేజీలో పడిన వార్త పక్కనున్న చీరాలలో ఎవరూ చూడరు. చీరాల కొత్త జిల్లాలోకి వెళ్లింది కాబట్టి అక్కడివాళ్లకు వేరే పేజీ వెళ్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఒకరోజు మా చీమకుర్తి విలేకరి నాలుగు లైన్ల వార్త పంపాడు. గ్రానైట్ రాళ్ల లారీలు తిరిగే రోడ్డు మీద గుర్తు తెలియని వ్యక్తి గాయాలతో పడి ఉంటే ఆసుపత్రికి తరలించారు. ఏదో బండి గుద్ది వెళ్లిపోయింది. యాభై ఏళ్లు ఉండొచ్చు. అలాంటి వార్తలు మాకు రోజూ వచ్చేవి. ఆ ప్రాంతంలో క్వారీల్లో పనిచేసేవాళ్లు చాలామంది బయటి రాష్ట్రాల వాళ్లు. అందుకని విలేకరి రాయకపోయినా, నేనే చివర్లో ‘ఒడిశాకు చెందిన వలస కూలీగా భావిస్తున్నారు’ అని ఒక ముక్క కలిపాను. ఎవరు భావిస్తున్నారు? ఎవరూ లేరు. లైను నిండింది, అంతే.

మూడు వారాల తర్వాత ఆసుపత్రి నుంచి ఒక నర్సు నాకు ఫోను చేసింది. “సార్, చీమకుర్తి రోడ్డు మీద యాక్సిడెంటయిన మనిషి ఇంకా మా వార్డులోనే ఉన్నాడండీ. మీ పేపర్లో ఒడిశా అతనని రాశారు. కాదు సార్, తెలుగాయనే” అంది.

మధ్యాహ్నం వెళ్లి కలిశాను. ఆమెకు నలభై దాటి ఉంటాయి, అద్దంకి దగ్గర ఒక పల్లె. డ్యూటీ ఎక్కేముందు కిటికీ దగ్గర నిలబడి ఒక నిమిషం ప్రార్థన చేసుకుని పనిలోకి దిగుతుంది. వాళ్లమ్మ వారపత్రికల్లోంచి నా సీరియళ్లు చింపి, దారంతో కుట్టి దాచిందట. అలా నా పేరు తెలుసు. నా నవలల్లో బాగా పేరొచ్చిన ఒకదాని గురించి చెబుతూ, అందులో హంతకుణ్ణి తను ఐదో వారమే పట్టేశానని కూడా చెప్పింది. నేను పదహారు వారాలు దాచానని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను.

ఆ మనిషి మంచం మీద కూర్చుని ఉన్నాడు. తలకు కట్టు, మొహం నిండా గడ్డం. తలకు తగిలిన దెబ్బతో మాట పడిపోయింది, కుడి చెయ్యి సరిగా లేవడం లేదు. పడినచోట అతనితో పాటు దొరికిన గుడ్డ సంచిలో ఒక లుంగీ, సబ్బు, అట్ట ఊడిపోయిన ఒక తెలుగు నవల ఉన్నాయి. సెల్‌ఫోను లేదు. ఆ పుస్తకం అతనిది కాదేమో, ఎక్కడో దొరికిందేమో అన్నాను. నర్సు నవ్వింది. “నేనూ అట్టాగే అనుకుని పుస్తకం తలకిందులుగా చేతికిచ్చాను సార్. తిన్నగా తిప్పుకున్నాడు” అంది.

అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? సిగ్గుపడాల్సింది పోయి, నాకు హుషారొచ్చింది. నా డిటెక్టివ్‌కు మళ్లీ ఉద్యోగం దొరికినట్టయింది.

గడువు తక్కువగా ఉంది. గాయాలు మానుతున్నాయి, మంచాల కోసం మిగతా రోగులు ఎదురుచూస్తున్నారు. పది రోజుల్లో ఎవరూ రాకపోతే అతన్ని ఎక్కడో దూరాన ఉన్న అనాథాశ్రమానికి పంపక తప్పదని పెద్ద డాక్టరు చెప్పారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఇలాంటివాళ్లకు తెలిసినవాళ్ల గొంతులు వినపడుతుంటే మాట తిరిగొచ్చే అవకాశం ఎక్కువనీ, ఎంత ఆలస్యమైతే అంత కష్టమనీ కూడా ఆయనే చెప్పారు.

పుస్తకం నా చేతిలోకి తీసుకున్నాను. మొదటి పేజీలు లేవు, చివరి పేజీలూ లేవు. అర పేజీ చదివేసరికి ఏ నవలో తెలిసిపోయింది. నాతో పాటే రాస్తుండిన ఒకాయనది. నాకన్నా బాగా రాసేవాడు. ఆ మాట ఆయన బతికుండగా అనలేదు. అద్దె పుస్తకాల షాపులవాళ్లకు ఒక అలవాటు ఉండేది. అట్ట పోయినా పుస్తకం తమదేనని తెలియడానికి లోపల ఏదో ఒక పేజీలో ముద్ర వేసేవాళ్లు. వెతికితే యాభై ఒకటో పేజీలో ఊదారంగు ముద్ర కనిపించింది. సగం చెరిగిపోయింది. పై వరసలో చివరి రెండక్షరాలు మాత్రం మిగిలాయి. ‘పల్లి’. కింద ‘అద్దె పుస్తకములు’.

మన ప్రాంతంలో పల్లితో ముగిసే ఊళ్లు లెక్కలేనన్ని. కానీ అద్దె పుస్తకాల షాపు నడవాలంటే కాస్త పెద్ద ఊరై ఉండాలి. సత్తెనపల్లి! అంతే. నవల్లో అయితే ఇక్కడ అధ్యాయం ముగించి కింద మూడు చుక్కలు పెడతాం.

సత్తెనపల్లిలో మా విలేకరి నెమ్మదస్తుడు, ఎప్పుడూ వార్త ఒకరోజు ఆలస్యంగా పంపుతాడని నా చేత తిట్లు తినేవాడు. అతను పోలీసు స్టేషన్లో కనిపించకుండా పోయినవాళ్ల ఫిర్యాదులు చూసి, ఆ వయసు మనిషి ఒకడున్నాడని చెప్పాడు. కౌలురైతు. మిరపతోట నల్ల తామర పురుగుకు పోయాక మనిషి మాట తగ్గించేశాడు. ఒకరోజు పొద్దున చొక్కా తగిలించుకుని బయటికి వెళ్లి మళ్లీ రాలేదు. ఏడాదిన్నర అయింది. భార్య, ఇంటరు చదివే కూతురు ఉన్నారు.

మర్నాడే వెళ్లాను. ఆమె ఒక షెడ్డులో మిగతా ఆడవాళ్లతో కలిసి కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉంది. నన్ను చూసి లేచి, చేతులు కడుక్కుని వచ్చింది. నేనడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది. “మీ ఆయనకి నవలలు చదివే అలవాటుందా అమ్మా?” అన్నాను.

ఆమె కాసేపు నా మొహంలోకి చూసి, “చదివేవాడండీ” అంది.

పిల్లలూ, ఇక్కడ ఆగండి. ఆమెకు కావలసింది భర్త. నాకు కావలసింది అవునన్న జవాబు. ఆ జవాబు ప్రశ్నలోనే పెట్టి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని తిరిగి నాకిచ్చింది. తర్వాత ఫోనులో ఫొటో చూపించాను. కట్టు, గడ్డం, వాచిన మొహం. చాలాసేపు చూసింది. “ఆయనే అనుకుంటానండీ” అంది. నేను రాసేటప్పుడు ‘అనుకుంటాను’ తీసేసి ‘ఆయనే’ అని రాశాను. నలభై ఏళ్లు ఎడిటింగు చేసినవాడికి ఒక మాట తీసేయడం ఎంత పని?

మా విలేకరి బయటికి వచ్చాక మెల్లగా అన్నాడు, ముందు ఆమెను తీసుకెళ్లి మనిషిని చూపిద్దామని, ఆ తర్వాత రాద్దామని. మంచి మాట. కానీ వేరే పేపరు వాళ్లకు ఈ సంగతి తెలిసిందని అప్పుడే ఫోనొచ్చింది. ఎవరైనా మనకన్నా ముందు రాస్తే ఎట్లా? మర్నాడు ఒంగోలు పేజీలోనూ పల్నాడు పేజీలోనూ ఫొటోతో సహా పెద్ద వార్త వేశాం. ‘చిరునామా చెప్పిన నవల’ అని శీర్షిక నేనే పెట్టాను. పొద్దున్నే అభినందనల ఫోన్లు. హైదరాబాదు నుంచి కూడా ఒకాయన చేసి, దీన్ని నవలగా రాయమన్నాడు. రాస్తానన్నాను.

తల్లీకూతుళ్లు నర్సరావుపేట మీదుగా బస్సులు మారి మధ్యాహ్నానికి ఒంగోలు చేరారు. ఆమె మంచి చీర కట్టుకుని వచ్చింది. సంచిలో భర్త చొక్కా, పంచె మడతపెట్టి తెచ్చింది. మా ఫొటోగ్రాఫరు మంచం పక్కన చోటు చూసుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆమె మంచం దాకా వచ్చి ఆగింది. ముందు కూతురే అంది, మా నాన్న కాదని. ఆ పిల్ల గొంతు పెంచలేదు. తల్లి మాత్రం ఇంకా చూస్తూనే ఉంది. చివరికి వంగి, అతని కాళ్ల మీది దుప్పటి కొంచెం పైకి తీసి చూసి, మళ్లీ కప్పింది.

“మా ఆయనకి ఎడమకాలి చిటికెనవేలు లేదండీ. చిన్నప్పుడు పోయింది” అంది నాతో.

అడిగితే సత్తెనపల్లిలోనే చెప్పేది. నేను అడగలేదు. ఫొటోగ్రాఫరు కెమెరా సంచిలో పెట్టేసుకుని బయటికి వెళ్లిపోయాడు. నేను ఏదో అన్నాను. క్షమించమనే అనుకుంటా. ఆమె మంచినీళ్లు అడిగింది. నర్సు తెచ్చిచ్చింది. తాగి, స్టూలు మీద కూర్చుంది.

అప్పుడే భోజనాల బండి వచ్చింది. అతను ఎడమచేత్తో జావ తాగడానికి తంటాలు పడుతున్నాడు. సగం గడ్డం మీద, సగం పక్క మీద పోతోంది. ఆమె కాసేపు చూసి లేచి, చేతులు కడుక్కుని వచ్చి చెంచా తీసుకుంది. ఏడుస్తుందేమోనని నేను పక్కనే నిలబడ్డాను. ఏడవలేదు. రెండు చెంచాలు పట్టాక, నావైపు చూడకుండానే, “మా ఆయన కూడా ఏ ఊళ్లోనో ఇట్టాగే ఉంటే, ఎవరో ఒకళ్లు పెడుతుండాలి కదండీ” అంది.

ఆ రోజు ఆఫీసుకు వెళ్లి తప్పంతా ఒప్పుకుంటూ రాశాను. డెస్కులో వాళ్లు సవరణ లోపలి పేజీలో చిన్నదిగా వేద్దామన్నారు. మొదటి వార్త ఎక్కడ, ఎంత పెద్దదిగా వేశామో ఇదీ అక్కడే, అంతే పెద్దదిగా రావాలని పట్టుబట్టాను. జనం నవ్వుతారన్నారు. నవ్వారు కూడా. వేరే పేపరాయన ‘తుస్సుమన్న డిటెక్టివ్’ అని రాశాడు. శీర్షిక బాగుందని ఫోను చేసి చెప్పాను. హైదరాబాదు ఆయన మాత్రం మళ్లీ ఫోను చేయలేదు.

కూతురికి పరీక్షలుంటే ఆ పిల్లను మా సత్తెనపల్లి విలేకరి తనే వచ్చి తీసుకెళ్లాడు. ఆమె మాత్రం రెండు రోజులు ఉండి వస్తానంది. పని పోతుందేమో వెళ్లమన్నాను. ఈయనకు అన్నం తినిపించే మనిషిని చూసి వెళ్తానంది. నర్సు ఆమెకు రోగుల బంధువులు పడుకునే గదిలో చోటు చూపించి, తన క్యారేజీలో సగం పెట్టింది. ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో తెలియదు గానీ, రెండో రోజుకే అక్కాచెల్లెళ్లలా ఉన్నారు.

మూడో రోజు ఉదయం నర్సు ఫోను చేసి, సత్తెనపల్లి ఆమె ఏదో కనిపెట్టింది, రమ్మంది. నేను వెళ్లేసరికి ఆమె మంచం పక్కన నిలబడి అతని ఎడమచెయ్యి చూపించింది. ఆ చెయ్యి ఊరికే ఉండేది కాదు. దుప్పటి అంచులో పోగులు పట్టి లాగి, రెండు వేళ్ల మధ్య మెలిపెడుతుండేది. మధ్యమధ్యలో వేళ్లు పక్కకు చాపి, దేనికో తడుముకునేది. తలకు దెబ్బ తగిలినవాళ్లు అలా చేస్తుంటారని వార్డులో అందరం అనుకున్నాం.

“మాది పుట్టిల్లు మంగళగిరండీ. మా నాన్న మగ్గం నేసేవాడు” అంది ఆమె. “పోగు తెగితే ఇట్టాగే రెండు కొసలూ కలిపి మెలేసి అతికిస్తారు. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటారు. ఆయన పక్కన తడుముకునేది దానికేనండీ. ఈయన మగ్గం మనిషి.”

రోజూ వచ్చి చూసి వెళ్లినవాణ్ణి నేను. ఇరవై రెండు నవలల్లో బూటు మరకల్నీ సిగరెట్టు పీకల్నీ పట్టి పట్టి చూసినవాణ్ణి. కళ్లెదుట కదులుతున్న చేతిని చూడలేకపోయాను. తొడిమలు తీసే ఆడమనిషి చూసింది. ఆమెకు ఆ మనిషి దగ్గర వార్త అక్కర్లేదు, అందుకని మనిషిని చూసింది.

పుస్తకం మళ్లీ తెప్పించాను. కిటికీ దగ్గర వెలుగులో పెట్టి నర్సు తన ఫోనుతో ముద్రను ఫొటో తీసి పెద్దది చేసింది. ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం. ‘ప’కి తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’కి కలిసి ఉంటుంది. అది కలిసే ఉంది. కలిసినచోట సిరా పలచబడి విడిపోయినట్టు కనిపించిందంతే. పల్లి కాదు, వల్లి. ఊరి పేరు కాదు, షాపు పేరు. ప్రూఫులు దిద్ది జీవితం మొదలుపెట్టినవాణ్ణి, ప-కీ వ-కీ తేడా తెలుసుకోలేక ఒక ఇంటి ఇల్లాలిని మూడు బస్సులు ఎక్కించి తెచ్చాను.

మగ్గాలున్న ఊరు, అద్దె పుస్తకాల షాపు నడిచిన ఊరు. చీరాలలో మా విలేకరికి ఫోను చేశాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది. స్టేషన్ దారిలో ఒకాయన వాళ్లమ్మ పేరుతో షాపు నడిపేవాడు, ఆ పేరు వల్లితోనే ముగుస్తుంది. షాపు మూసేసి చాలాకాలమైంది, ఇప్పుడక్కడ జిరాక్సు మిషన్లున్నాయి, ఆయన మాత్రం ఇంటి దగ్గరే ఉంటున్నాడు.

ఈసారి ఒక్కణ్ణే వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు, ఒక్క అక్షరం రాయలేదు. ఆయన కళ్లజోడు పెట్టుకుని పుస్తకం అటూ ఇటూ తిప్పి, నాదేనండీ అన్నాడు. షాపు మూసేటప్పుడు మిగిలిన పుస్తకాల్ని పాత పేపర్లవాడికి తూకానికి వేయబుద్ధి కాలేదట. చిన్నప్పటినుంచి చదువుతున్న ముగ్గురు పాఠకుల్ని పిలిచి పంచిపెట్టాడట. ముగ్గురివీ ఇళ్లు చెప్పాడు. మొదటి ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఒకాయన నన్ను కూర్చోబెట్టి తన పుస్తకాలు చూపించాడు కూడా. వాటిలో నావి మూడున్నాయి. ఇంకోరోజైతే పొంగిపోయేవాణ్ణి.

మూడో ఇల్లు చేనేతవాళ్ల పేటలో. ముందు గదిలో మగ్గం ఆడుతోంది. ఒకామె నేస్తోంది, నలభై లోపు ఉంటాయి. నేను ఫొటో చూపించలేదు. నవలల మాట ఎత్తలేదు. పుస్తకం సంచిలోంచి తీసి, “ఇది ఎప్పుడైనా చూశారా అమ్మా?” అని మాత్రం అడిగి ఊరుకున్నాను.

మగ్గం ఆగింది. ఆమె దిగి వచ్చింది గానీ పుస్తకం ముట్టుకోలేదు. “లోపల తొంభయ్యో పేజీ దగ్గర పసుపు మరక ఉంటుందండీ, చూడండి. అన్నం తింటా చదివితే నేనే చెయ్యి తగిలించా. తిట్టాడు నన్ను” అంది. తీసి చూశాను. తొంభై నాలుగో పేజీలో వేలి ముద్రంత పసుపు మరక ఉంది. అప్పుడు ఫొటో చూపించాను. ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. “మా అన్నయ్య” అంది.

అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే ఆమెను పెంచింది ఆ అన్నే. నేతపని తగ్గాక, ఇంట్లో రెండు మగ్గాలకు పని లేక, చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ యూనిట్లో వాచ్‌మన్‌గా చేరాడు. సెలవు పెట్టి ఇంటికి బయల్దేరిన రోజే ప్రమాదం జరిగింది. ఇంటికెళ్లాడని యూనిట్ వాళ్లు అనుకున్నారు, పనిలో ఉన్నాడని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. ఫోను పలకకపోయేసరికి ఆమె భర్తతో కలిసి చీమకుర్తి వచ్చి వెతికింది. అక్కడెవరో యాక్సిడెంటయిన మనిషి సంగతి చెప్పారు కూడా. “ఆసుపత్రికి పోదామనుకున్నామండీ. పేపర్లో ఒడిశా అతనని రాశారు, మీవాడు కాదులే అన్నారు. సరేనని తిరిగొచ్చేశాం” అంది. తర్వాత ఫొటోతో వేసిన వార్తేమో చీరాలకు వెళ్లే పేజీలో పడనే లేదు.

ఆ వాక్యం నాదేనని అక్కడే ఆమెకు చెప్పాను. చెప్పకుండా ఆ గడప దాటి రాలేననిపించింది. ఆమె చీర మార్చుకుని వస్తానని లోపలికి వెళ్లింది.

మేం ఆసుపత్రికి చేరేసరికి సత్తెనపల్లి ఆమె అతనికి అరటిపండు ఒలిచి పెడుతోంది. మమ్మల్ని చూడగానే ఆ పండు స్టూలు మీద పెట్టి లేచి నిలబడింది. చెల్లెలు మంచం దగ్గరికి వెళ్లి, “ఏంటయ్యా అన్నయ్యా, ఇక్కడ కూర్చున్నావా? నేను ఎక్కడెక్కడ తిరగాలి నీ కోసం?” అని కోపంగా అడిగింది. ఎప్పుడో ఆలస్యంగా ఇంటికి వచ్చిన మనిషిని అడిగినట్టే అడిగింది. అతను ఆమె వైపు తిరిగాడు. దుప్పటి అంచు మీద ఆడుతున్న వేళ్లు ఆగిపోయాయి. ఆ చెయ్యి మెల్లగా లేచి ఆమె చెవి దాకా వెళ్లింది. చిన్నప్పుడు చెవి మెలిపెట్టేవాడట. మెలిపెట్టేంత బలం లేదు, పట్టుకున్నాడంతే. నర్సు కిటికీ వైపు తిరిగి ప్రభువుకు చెప్పుకోవాల్సింది చెప్పుకుంది. మా ఫొటోగ్రాఫరును ఆ రోజు నేను పిలవలేదు.

పదకొండో రోజున అతను ఆశ్రమానికి కాక చీరాలకు వెళ్లాడు. మొదటి మాట రావడానికి ఇంకో నెల పట్టింది. చెల్లెలు ఫోను చేసి చెప్పింది. దేవుడి పేరో, తన పేరో అంటాడని ఇల్లంతా ఎదురుచూస్తుంటే, పొద్దున్నే స్పష్టంగా “టీ” అన్నాడట. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మాటలొచ్చాయి. ఆరు నెలలకు నేను వెళ్లినప్పుడు, నా బీరువాలో ఉన్న అదే నవల, అట్టా చివరి పేజీలూ అన్నీ ఉన్నది, తీసుకెళ్లి ఇచ్చాను. ఎడమచేత్తో తిన్నగా చివరి పేజీలకు వెళ్లి చదివాడు. చదివి, తల ఊపి, “అనుకున్నా” అన్నాడు. నాకు నర్సు గుర్తొచ్చింది. పాఠకులకు మేం దాచగలిగేది ఏమీ ఉండదు కాబోలు.

రిటైరయ్యేలోపు పేపరుకు నేను చేసిన ఒకే ఒక్క మంచిపని ఉంది. గుర్తు తెలియని మనుషుల వివరాలు ఒక్క జిల్లా పేజీలో కాక, వారానికోసారి అన్ని జిల్లాల పేజీల్లోనూ రావాలని పైవాళ్ల వెంటపడి ఒప్పించాను. ఆ వివరాల్లో ‘భావిస్తున్నారు’ అన్న మాట ఉండకూడదని కూడా. ఆ అరకాలమ్ వార్త చూసి కొంతమంది ఇళ్లకు చేరారు. సత్తెనపల్లి ఆమె భర్త ఫొటో కూడా అందులో మూడుసార్లు వేశాం. ఎడమకాలి చిటికెనవేలి సంగతి రాశాం. అతను ఇంకా దొరకలేదు. చీరాల చెల్లెలు ఆ ఫొటోను, చీరల మూటలు పట్టుకుని ఊరూరా తిరిగే తమవాళ్లందరి ఫోన్లకూ పంపింది. ఎక్కడికి వెళ్లినా చీరలతో పాటు అదీ చూపిస్తున్నారు. మొన్నామధ్య కర్నూలు వైపు ఎవరో చూశామన్నారట. సత్తెనపల్లి ఆమె, చీరాల చెల్లెలు కలిసి వెళ్లి చూసొచ్చారు. కాదు. మళ్లీ ఎవరైనా చూశామంటే మళ్లీ వెళ్తామన్నారు.

ఆ నర్సు ఆమెను సత్తెనపల్లికి వెళ్లి ఊరుకోనివ్వలేదు. తనకు తెలిసినవాళ్లతో చెప్పి గుంటూరులో ఒక ఆసుపత్రిలో ఆయాగా పని ఇప్పించింది. కూతురు ఇప్పుడు నర్సింగు చదువుతోంది. నేను కూడా రిటైరై గుంటూరు వచ్చేశాను. మళ్లీ నవల రాయమని అడిగేవాళ్లున్నారు. రాయడానికి కూర్చుంటాను కూడా. కానీ సత్తెనపల్లి ఆమె ఫోను చేస్తే మాత్రం లేస్తాను.

మొన్న మంగళవారం పొద్దున చేసింది. బస్టాండు నుంచి ఒక ముసలామెను వాళ్ల ఆసుపత్రికి తెచ్చారట. పేరు చెప్పడం లేదు, ఊరు చెప్పడం లేదు, తనలో తనే ఏదో మాట్లాడుకుంటోందట. ఏమైనా అడిగావా అన్నాను.

“లేదండీ. ఊరికే పక్కన కూర్చుని వింటున్నా. మధ్యలో గేదెల పేర్లు చెబుతోంది. నాలుగయ్యాయి. మీరూ వచ్చి కూర్చోండి” అంది.

జేబులో కలం ఉందో లేదో చూసుకుని, చెప్పులేసుకుని బయల్దేరాను. దారిలో అడగాల్సిన ప్రశ్నలేవీ ఆలోచించుకోలేదు.